ముందుగా పలక కొలుచుకో

ఒరే అల్లుడూ,

బోటుకి మోటారు కొంటున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషించాను. పాతది, షార్ట్ షాఫ్టుది చవగ్గా వస్తోందట, పొడవు చాలకపోతే బోటు వెనక పలక కోయించేస్తావట. ఈ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదురా. ఫోన్లో చెబితే సగమే వింటావని రాస్తున్నాను. కోప్పడుతున్నాననుకోకు.

మీ నాన్న వంశధార మొగ దగ్గర బోటును ఒడ్డుకి తెచ్చేటప్పుడు ఎటు చూసేవాడో గుర్తుందా? ముందున్న ఇసుక కంటే వెనక లేచే కెరటాన్నే ఎక్కువ చూసేవాడు. ఒడ్డుకొచ్చే బోటుమీద నీళ్లు పడేది వెనకనుంచే. ఆ నీటిని ఆపేది ఆ పలకే. దాన్ని అయిదంగుళాలు కోస్తే కెరటానికి నువ్వే తలుపు తీసినట్టు. చవక మోటారు కోసం ఆ పని చెయ్యకు నాన్నా.

బోటును చదునుగా నిలబెట్టు. పలక నడిమధ్యన, మోటారు కూర్చునే అంచు నుంచి బోటు అడుగు దాకా టేపు పెట్టు. పక్కన కొలిస్తే లెక్క తప్పుతుంది. ఆ కొలత 15 అంగుళాల దగ్గరుంటే షార్ట్ షాఫ్టు, 20 దగ్గరుంటే లాంగ్, 25 దగ్గరుంటే ఎక్స్‌ట్రా లాంగ్. అమ్మేవాడి మాట నమ్మకు. మోటారును కూడా నువ్వే కొలుచుకో. పలకమీద ఆనే చోటు నుంచి ప్రొపెల్లరు పైనున్న రేకు దాకా. మోటారు బిగించాక ఆ రేకు బోటు అడుగుతో సమంగా గానీ, ఓ అంగుళం కిందకి గానీ ఉండాలి.

షాఫ్టు పొట్టిదైతే కెరటం బోటును వెనక ఎత్తినప్పుడల్లా ప్రొపెల్లరు గాలి పీలుస్తుంది. ఇంజను గీపెడుతుంది, బోటు కదలదు. చల్లబరిచే నీళ్లు కూడా ఆ రేకు కిందనుంచే ఎక్కాలి కదా, అవి అందక ఇంజను కాలిపోతుంది. మోటారు వెనకనుంచి సన్నగా చిమ్మే నీటిధార ఆగిందంటే వెంటనే మోటారు ఆపు. కెరటాల మధ్య మోటారు ఆగితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

షాఫ్టు మరీ పొడవైనా బాధే. నీటిలో ఈడ్చుకుంటుంది, ఆయిలు ఎక్కువ తాగుతుంది, మొగలో ఇసుకకి తగులుతుంది. అయినా దానికి దారుంది. పలకమీద గట్టి చెక్క వేసి బోల్టులతో బిగిస్తే మోటారు పైకి లేస్తుంది. పొట్టిదానికి అంత సులువైన దారి లేదు.

డబ్బు చాలకపోతే చెప్పు, నేను పంపుతాను. రేపు పొద్దున్నే పలక కొలిచి ఎన్ని అంగుళాలో నాకు ఫోన్ చెయ్యి. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ మావయ్య