హౌసింగ్ విప్పించే ముందు నోటీసు ఇవ్వండి

ప్రశ్న: సొంత పికప్ వ్యాన్ నేనే నడుపుకుంటూ మార్కెట్‌కి కూరగాయలు తోలుతుంటాను. వెనక హౌసింగ్‌లో శబ్దం వస్తుంటే గ్యారేజీలో క్రౌన్, పినియన్, బేరింగులు కొత్తవి వేయించాను. వారం తిరక్కుండా మళ్లీ ఊళ మొదలైంది. ‘కొత్త గేర్లు కదా, తిరిగితే సర్దుకుంటాయి’ అంటున్నాడు మేస్త్రీ. బిల్లు అడిగితే చీటీ మీద మొత్తం ఎంతో రాసిచ్చాడు. నేను కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అయితే ముందు బండి తిప్పడం ఆపండి. సెట్టింగ్ తప్పి వచ్చే ఊళ తిరిగే కొద్దీ పోదు, పళ్లే అరిగిపోతాయి. అలాగని కోపం కొద్దీ ఇంకో మేస్త్రీ దగ్గరికి తోలుకెళ్లి హౌసింగ్ విప్పించకండి. విప్పిన మర్నాడే మొదటి గ్యారేజీ ‘నేను బాగానే బిగించాను, పాడు చేసింది ఆయనే’ అంటుంది. ఇలాంటి కేసులు చాలావరకు అక్కడే నీరుగారిపోతాయి.

ఈ పని సరిగ్గా జరిగిందో లేదో కొలతల్లో తేలిపోతుంది, మీ కేసుకు బలం అదే. పినియన్ ఎంత లోపలికి కూర్చోవాలన్నది దాని బేరింగ్ దగ్గర వేసే షిమ్ (పలచటి రేకు) మందం మీద ఉంటుంది. క్రౌన్ పళ్లకీ పినియన్ పళ్లకీ మధ్య ఉండాల్సిన ప్లేని డయల్ గేజ్ పెట్టి, క్రౌన్ చుట్టూ నాలుగైదు చోట్ల చూడాలి. చాలా తేలికపాటి బళ్లలో అది 0.15 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మీ బండికి ఎంతన్నది కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. అంత చిన్న కొలత చేత్తో కదిపితే తెలిసేది కాదు. ప్లే తక్కువైతే ఆయిల్ పొరకి చోటు చాలక పళ్లు వేడెక్కుతాయి, ఎక్కువైతే యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా టక్కుమంటుంది. చివరగా పళ్లకి రంగు పేస్టు పూసి తిప్పి, మచ్చ ఎక్కడ పడిందో చూస్తారు. పంటి మధ్యలో పడాలి. మొదట్లో పడితే పినియన్ మరీ లోపలికి వెళ్లినట్టు, పై అంచున పడితే దూరంగా ఉండిపోయినట్టు. అప్పుడు షిమ్ మార్చి మళ్లీ మొదలుపెట్టాలి. ఓపిక ఉన్న మేస్త్రీ ఎన్నిసార్లైనా విప్పుతాడు. కొలవకుండా పాత షిమ్మే వేసి మూసేసేవాళ్లూ ఉన్నారు.

అందుకే గ్యారేజీకి స్పీడ్ పోస్టులో రాయండి: ‘ఏ షిమ్ వేశారు, ప్లే ఎంత వచ్చింది, మచ్చ ఫొటో ఉందా? ఫలానా తేదీలోగా నా ఎదుట విప్పి చూపించి సరిచేయండి.’ శబ్దం యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వస్తోందా, వదిలినప్పుడా, ఎంత స్పీడులో అన్నది కూడా రాయండి. ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. జవాబు రాకపోతే, ఆ మౌనం కూడా వినియోగదారుల కమిషన్ ముందు మీకు పనికొస్తుంది.

డబ్బు తీసుకుని పని సరిగ్గా చేయకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవా లోపం. సరైన బిల్లు ఇవ్వకపోవడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. కాబట్టి ఆ చీటీ పారేయకండి. ఫోన్‌లో డబ్బు పంపి ఉంటే ఆ వివరమూ దాచండి. మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. పరీక్ష చేస్తే తప్ప తేలని లోపమైతే వస్తువును ల్యాబుకి పంపించే అధికారం 38వ సెక్షన్ కింద కమిషన్‌కి ఉంది. హౌసింగ్ విప్పకుండా ఉంచమన్నది అందుకే. ముందు 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి చూడండి, కొన్ని గొడవలు అక్కడే తెగుతాయి.

అవతలివాళ్లు ‘ఇది కిరాయి బండి, వ్యాపారం కోసం వాడుతున్నాడు, వినియోగదారుడే కాదు’ అని తప్పకుండా అంటారు. బతుకుతెరువు కోసం కొనుక్కుని స్వయంగా వాడుకునే వస్తువును చట్టం వాణిజ్య అవసరం కింద లెక్కగట్టదు. తానే నడుపుకునే ఆటో, లారీ కొన్నవాడు వినియోగదారుడేనని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. బండిని పూర్తిగా వేరే మనిషి చేత నడిపిస్తే మాత్రం ఆ రక్షణ దొరకదు. అందుకని ‘నేనే నడుపుతాను, ఇదే నా జీవనాధారం’ అన్న వాక్యం ఫిర్యాదులో మొదట్లోనే ఉండాలి. లైసెన్సు, ఆర్‌సీ నకళ్లు జతచేయండి.

ఇంకొకటి. బండి మళ్లీ గ్యారేజీలో పెట్టేటప్పుడు, పెట్టిన తేదీ, ఫిర్యాదు ఏమిటన్నది రాసిన జాబ్ కార్డు తీసుకోండి. కూలి బాకీ ఉంటే అది తీరేదాకా బండిని ఆపుకునే హక్కు 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ మెకానిక్‌కి ఇస్తుంది. అలా ఆపితే తగాదా పడకండి. ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి, రసీదు తీసుకుని బండి తెచ్చుకోండి.