యుద్ధపు ఖర్చుకు లెక్క అడగండి

మిస్సోరిలో స్థిరపడి, ఇక్కడే ఓటు వేస్తూ ముసలివాణ్ణయ్యాను. ఇక్కడ ఓటు హక్కు వచ్చిన మన పిల్లలకు నాకు తెలిసింది చెబుతున్నాను.

1. యుద్ధం ముగిసేదాకా ఆగకండి. మన రాష్ట్ర సెనేటర్ హ్యారీ ట్రూమన్ ఆగలేదు. ఇక్కడి ఫోర్ట్ లెనర్డ్ వుడ్ సైనిక శిబిరం కట్టడంలో డబ్బు వృథా అవుతోందని ఫిర్యాదులు వస్తే, కారు వేసుకుని సైనిక శిబిరాలు స్వయంగా చూసి వచ్చారు. 1941 మార్చిలో, అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగకముందే, సెనేట్ చేత విచారణ సంఘం వేయించారు. దానికి మొదట ఇచ్చింది 15,000 డాలర్లే. అంతర్యుద్ధ కాలంలో కాంగ్రెస్ సంఘం సేనానుల వ్యూహాల్లో వేలు పెట్టిన సంగతి ఆయన చదివి ఉన్నారు. అందుకే యుద్ధం ఎలా చేయాలన్న జోలికి పోకుండా కాంట్రాక్టుల మీదే నిలబడ్డారు.

2. లెక్క అడిగితే సైనికులకు ద్రోహమంటారు. నమ్మకండి. ఒహాయోలోని లాక్‌లాండ్‌లో కర్టిస్-రైట్ కర్మాగారం లోపాలున్న విమాన ఇంజన్లను సైన్యానికి అంటగడుతోందని 1943లో బయటపెట్టింది ట్రూమన్ సంఘమే. ఆ విమానాలెక్కి ఎగరాల్సింది సైనికులే కదా!

3. సొంత పార్టీని అడిగేవాళ్ళకే ఓటు వేయండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ట్రూమన్ పార్టీవారే, అయినా విచారణ సాగింది. ఇరాక్ యుద్ధంలో అలా జరగలేదు. హాలిబర్టన్ కంపెనీ అనుబంధ సంస్థ కేబీఆర్‌కు 2003లో పోటీ లేకుండా చమురు కాంట్రాక్టు ఇవ్వడాన్ని సైనిక ఇంజనీర్ల విభాగంలో కాంట్రాక్టుల ఉన్నతాధికారి బన్నీ గ్రీన్‌హౌస్ ప్రశ్నించారు. 2005లో ఆమె సాక్ష్యం చెప్పింది ప్రతిపక్ష సెనేటర్లు సొంతంగా పెట్టుకున్న సభలో. ఎవరినీ బలవంతంగా పిలిపించే అధికారం దానికి లేదు. రెండు నెలలకే ఆమె హోదా తగ్గించారు. అప్పుడు ఉభయ సభల్లోనూ మెజారిటీ ఉన్న అధ్యక్షుడి పార్టీవాళ్ళను ఓటర్లు నిలదీయాల్సింది.

4. ఆలస్యంగా వచ్చిన నివేదిక డబ్బు వెనక్కి తేదు. సెనేటర్లు జిమ్ వెబ్, మన రాష్ట్రపు మెకాస్కిల్ పట్టుబట్టి 2008లో కమిషన్ వేయించారు. ఇరాక్, అఫ్గానిస్తాన్ కాంట్రాక్టుల్లో 3,100 కోట్ల నుంచి 6,000 కోట్ల డాలర్ల దాకా వృథా, మోసాల పాలయ్యాయని అది 2011 ఆగస్టులో తేల్చింది.

5. మన ప్రతినిధిని కలిస్తే మనవాళ్ళు వీసాల గురించే మాట్లాడతారు. అదీ అవసరమే. దానితోపాటు అడగండి: మీరు ఏ సంఘంలో ఉన్నారు? ఈ ఏడాది ఏ యుద్ధ కాంట్రాక్టరును పిలిపించి ప్రశ్నించారు? తనిఖీ సిబ్బందిని పెంచడానికి ఓటు వేశారా? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. రాకపోతే మళ్ళీ రాయండి.