రిపేరు మీ ఇష్టం, మార్పుకు పర్మిషన్: కామాటిపురా బండ్లవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలు

ముంబై కట్టడానికి తెలుగు నేల నుంచి వచ్చిన కామాటీల పేరే కామాటిపురాకు నిలిచిపోయింది. తర్వాత మిల్లు పని కోసం వర్లీ, లోయర్ పరేల్ చాళ్లకు పద్మశాలీలు వచ్చారు. మిల్లులు మూతపడ్డాయి. ఇవాళ ఈ ఇళ్ల పిల్లలు ఎందరో డెలివరీలకూ, కొరియర్లకూ, దుకాణం సరుకుకూ 100, 125 సీసీ బండ్లను నమ్ముకుని బతుకుతున్నారు. బండి చౌకీలో ఆగినా, మెకానిక్ దగ్గర ఆగినా ఆ రోజు కూలి పోయినట్టే. రూలు తెలియకనే చాలామందికి ఆ నష్టం వస్తోంది. అందుకే పదే పదే ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాను. జరిమానాల దగ్గర నేను ఇస్తున్నవి చట్టంలోని అంకెలు. రాజీ చలాన్ మీద కట్టించుకునే మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్‌తో వేరుగా నిర్ణయిస్తుంది.

అన్నా, సైలెన్సర్ మార్చిన. బిగించింది మెకానిక్ గదా, నాకేం కేసు?

కేసు మీ మీదే. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ తయారు చేసి పంపిన బండి వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా ఓనరు ఏ మార్పూ చేయకూడదు. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ఇంకా కఠినంగా ఉంది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయలు జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్న మాట గమనించండి. సైలెన్సర్ ఒకటి, హ్యాండిల్ ఒకటి, ఫ్లాష్ లైటు ఒకటి అని విడివిడిగా లెక్కపెట్టే వీలుంది. ఈ కేసులో ఓనరు పేరే వస్తుంది. బండి తండ్రి పేరు మీద ఉండి కొడుకు మార్పించినా కాగితం తండ్రికే వస్తుంది.

సైలెన్సర్‌కు శబ్దం కేసు అదనం. 80 నుంచి 175 సీసీ బండికి తయారీ దశలో అనుమతించిన శబ్దం 77 డెసిబెల్స్. లోపలి బాఫిల్ తీసేసిన సైలెన్సర్ దీన్ని దాటిపోతుంది. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190(2) సెక్షన్ కింద మొదటిసారే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు ఉండొచ్చు. లైసెన్స్ మూడు నెలలు పోతుంది. డెలివరీ చేసే పిల్లాడికి జరిమానా కన్నా లైసెన్స్ పోవడమే పెద్ద దెబ్బ. పది అడుగుల గదిలో పసిపిల్లలూ, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లూ ఉండే చాల్ మధ్యలో ఆ మోత పెట్టడం చట్టం లేకున్నా తప్పే అని నా నమ్మకం.

అలాగని బండిని ముట్టుకోకూడదని కాదు. అరిగిన చైను, స్ప్రాకెట్, బ్రేక్ షూ, క్లచ్ ప్లేట్లు, తుప్పుపట్టిన సైలెన్సర్ స్థానంలో అదే మోడల్‌కు వచ్చే సైలెన్సర్ వేయించడం రిపేరు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సీటు కవరు, గ్రిప్పులు, మొబైల్ హోల్డరు కూడా అంతే. వాటితో ఆర్‌సీలో ఏ గీతా మారదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గీత గీసింది. కంపెనీ ఇచ్చిన మూల నిర్మాణాన్ని మార్చడానికి వీల్లేదని చెప్పింది.

రంగు?

పాత రంగే మళ్లీ వేయిస్తే ఇబ్బంది లేదు. వేరే రంగైతే ఆర్‌సీలో రాసిన రంగు తప్పవుతుంది కాబట్టి ముందు ఆర్టీవోను అడగాలి. కామాటిపురా, వర్లీ వాళ్లకు అది ఎంహెచ్-01, తాడ్‌దేవ్ ఆర్టీవో.

చోర్‌బజార్‌ల సగం రేటుకే ఇంజన్ దొరుకుతుందంటున్నరు. తీసుకోవచ్చా?

నడిచిపోయే దూరంలో ఉంది కాబట్టి ఆశ పుట్టడం సహజం. పాత భాగాలు కొనడం నేరం కాదు. దొంగ సొత్తని తెలిసీ, లేదా అలా అనుకోవడానికి కారణం కనిపిస్తున్నా కొంటే నేరం. భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. అద్దాలు, మడ్‌గార్డుల మీద నంబరు ఉండదు. ఇంజన్ మీద ఉంటుంది. ఆ నంబరు ఏదైనా ఎఫ్ఐఆర్‌లో ఉందంటే బిల్లు లేని కొనుగోలుదారు తనను తాను కాపాడుకోవడం కష్టం. కాబట్టి ఇంజన్ నంబరు రాసిన బిల్లు, అది ఏ బండి నుంచి తీశారో ఆ ఆర్‌సీ నకలు లేకుండా కొనకండి. నంబరు అరగదీసిన ఇంజన్ ఉచితంగా ఇచ్చినా వద్దు. ఇంజన్ మార్చాలంటే ఆర్టీవో అనుమతి ముందే తీసుకోవాలి. అనుమతి లేకుండా మార్చి ఉంటే 14 రోజుల్లోపు ఆర్‌సీతో సహా తెలియజేయాలని 52వ సెక్షనే చెబుతోంది. రీబోరు చేయించి, అదే ఇంజన్ నంబరుతో నడిపితే అది మామూలు రిపేరే. నా మాట అడిగితే పాత ఇంజన్ కొనే డబ్బును రీబోరుకే పెట్టండి.

చీర గార్డు తీసేస్తే స్టైలుగ ఉంటదని పిల్లలు తీసేస్తున్నరు. దానికి గూడ రూలుందా?

ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది. వెనక కూర్చున్నవాళ్లు పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఫుట్‌రెస్ట్, వెనక చక్రం సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలి. చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకుని పడిపోయినవాళ్లను చూసినవారెవరూ దాన్ని తీసేయరు. అమ్మనో, అక్కనో దాదర్ మార్కెట్‌కు ఎక్కించుకుపోయే బండి అది. తీసేసి ఉంటే ఈ వారమే మళ్లీ పెట్టించండి.

నంబరు ప్లేటు సంగతీ ఇక్కడే చెబుతాను. అంకెలను వంచి పేరులా రాయించడం, దేవనాగరిలో రాయించడం చెల్లవు. 2019 ఏప్రిల్ 1కి ముందు రిజిస్టరైన బండికి కూడా హై సెక్యూరిటీ ప్లేటు ఉండాలి. మహారాష్ట్రలో టూవీలర్‌కు దాని ధర జీఎస్టీ కాకుండా 450 రూపాయలు. రవాణా శాఖ నియమించిన ఏజెన్సీ దగ్గరే బిగించుకోవాలి. ఫుట్‌పాత్ మీద అలాంటిదే చేసి ఇస్తామంటే అది నకిలీ.

డెలివరీ డబ్బా ఎంత పెద్దది పెట్టుకోవచ్చు?

పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు దాటకూడదు. 2020లో వచ్చిన నియమం ఇది. డబ్బా వెనక సీటు మీద ఉంటే బండి మీద నడిపేవాళ్లు ఒక్కరే ఉండాలి. మేనేజరు ఇంకా పెద్దది ఇస్తే కొలత చూపించి మార్పించుకోండి. రోడ్డు మీద ఆగేది మీరు, మేనేజరు కాదు.

బండి మా ఊరిది, టీఎస్ నంబరు. ఇక్కడ పోలీసులు పట్టుకుంటరా?

పాలమూరు, కరీంనగర్, నిజామాబాద్‌లలో కొని ఇక్కడికి తెచ్చుకున్న బండ్లు మన గల్లీల్లో చాలా కనిపిస్తాయి. వేరే రాష్ట్రం నంబరు ఉండటమే నేరం కాదు. ఇన్సూరెన్స్, పీయూసీ దేశమంతా చెల్లుతాయి. లెక్కకు వచ్చేది కాలం. 47వ సెక్షన్ ప్రకారం బండి పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడ కొత్త నంబరుకు దరఖాస్తు చేయాలి. ముందు ఊళ్లోని ఆర్టీఏ నుంచి ఫారం 28తో ఎన్‌వోసీ తెచ్చుకోవాలి. బండి లోను మీద ఉంటే ఫైనాన్స్ కంపెనీ ఒప్పుకోలు కూడా కావాలి. తర్వాత ఇక్కడ తాడ్‌దేవ్‌లో ఫారం 27 ఇచ్చి, బండి వయసును బట్టి మహారాష్ట్ర పన్ను కట్టాలి. అక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు. చాలామంది ఆ మెట్టు దగ్గర ఆగిపోతారు. మీ డబ్బు వదులుకోకండి.

ఈ మధ్యే వచ్చినవాళ్లు వచ్చిన తేదీకి ఏదైనా ఆధారం దగ్గర పెట్టుకోండి. బండిని రైల్లో పంపిన పార్సిల్ రసీదైనా, పెట్రోలు బిల్లైనా, ఉద్యోగంలో చేరిన లెటరైనా సరే. ఏడాది దాటలేదని చూపేది ఆ కాగితమే. బండి కాగితాలు డిజీలాకర్‌లో, ఎంపరివాహన్‌లో చూపించినా చెల్లుతాయి.

బయటి మెకానిక్‌తో చేయిస్తే వారంటీ పోతదని షోరూంలో బెదిరిస్తున్నరు.

మొదట వారంటీ పుస్తకం చదవండి. ఉచిత సర్వీసులు గడువులో వాళ్ల దగ్గరే చేయించాలన్న షరతు ఉంటే పాటించడం మంచిది. అంతమాత్రాన ఒక్క పంక్చరు బయట వేయించారని మొత్తం వారంటీ కొట్టేస్తామంటే ఊరుకోనక్కర్లేదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఆదేశం ఇక్కడ ఉపయోగపడుతుంది. బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టవద్దని, బయటి పని లోపం వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించాలని అందులో ఉంది. విడిభాగాలు బయటి గ్యారేజీలకూ దొరకాలని కూడా చెప్పింది. అది కార్ల మీద వచ్చిన ఆదేశం, తర్వాత అప్పీళ్లకూ వెళ్లింది. మీ టూవీలర్ షోరూంను అది నేరుగా కట్టిపడేయదు. కానీ వాదన బలమైనది. బయట బ్రేక్ వైరు మార్పించడానికీ ఇంజన్‌లో వచ్చిన లోపానికీ సంబంధం ఏమిటో రాసి ఇవ్వమని అడగండి. నోటితో చెప్పినంత తేలిగ్గా కాగితం మీద రాయలేరు.

బిల్లు రెండింతలు చెప్పిండు. కట్టేదాక బండి ఇయ్యనంటున్నడు. అట్లా పెట్టుకోవచ్చా?

ఒప్పుకున్న పని చేసి ఉంటే పెట్టుకోవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 170వ సెక్షన్. వస్తువు మీద తన శ్రమ, నైపుణ్యం పెట్టినవాడు ఆ కూలి అందేదాకా దాన్ని ఆపుకోవచ్చు. మెకానిక్‌కు ఇది న్యాయమైన హక్కే, మనం గౌరవించాలి. అయితే ఆ హక్కు ఆ పని కూలికే. మీరు చెప్పని పనికీ, మీ తమ్ముడు పోయినసారి పెట్టిన బాకీకీ అది వర్తించదు. గొడవ పడితే ఒప్పుకున్న మొత్తం యూపీఐలో పంపి, మిగిలింది ఒప్పుకోవడం లేదని మెసేజ్ పెట్టండి. అసలు బండి ఇచ్చేరోజే ఏ పని, ఏ భాగం, ఎంత కూలి అన్నది వాట్సాప్‌లో రాయించుకుని, కిలోమీటర్ల మీటరు ఫోటో తీసుకోండి. పాత భాగాలు తిరిగి ఇవ్వమని ముందే చెప్పండి.

మీటరు ఫోటో ఎందుకంటే, అదే చట్టంలోని 154వ సెక్షన్ మీ పక్షాన ఉంది. రిపేరుకిచ్చిన బండిని మీ అనుమతి లేకుండా సొంత పనికి వాడుకుంటే, ఆ వాడకంలో జరిగిన నష్టమంతా మెకానిక్‌దే, తప్పు తనది కాకపోయినా. టెస్ట్ రైడ్ వేరు, రాత్రి మెరైన్ డ్రైవ్‌కు షికారు వేరు. మామూలు జాగ్రత్తతో బండిని కాపాడే బాధ్యత కూడా, 151వ సెక్షన్ ప్రకారం, ఆయనదే.

పని చెడగొడితే ఎక్కడికి పోవాలె?

1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే చోటే కేసు వేయవచ్చు, షోరూం ఠాణేలో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. బిల్లు లేకుండా పదిశాతం తగ్గించుకున్నవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు.

వానల్ల బండి మునిగింది. అయిదేండ్ల ఇన్సూరెన్స్ ఉంది గదా?

ఇది అందరూ పొరబడే చోటు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్‌కు తప్పనిసరి చేసిన అయిదేళ్ల పాలసీ థర్డ్ పార్టీది. అంటే మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి. మీ బండికి జరిగిన నష్టం ఓన్ డ్యామేజ్ కింద వస్తుంది. అది తరచూ ఒక్క ఏడాదికే ఉంటుంది. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడిన ఊరు ఇది. వానాకాలానికి ముందే పాలసీ కాగితం తీసి ఓన్ డ్యామేజ్ అన్న మాట వెతకండి.

మునిగిన బండిని స్టార్ట్ చేయకండి, కిక్ కూడా కొట్టకండి. సిలిండర్‌లోకి చేరిన నీరు నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మునిగాక స్టార్ట్ చేయడం వల్ల పాడైందని సర్వేయర్ రాస్తే, ఇంజన్ ప్రొటెక్ట్ లేని పాలసీలో ఆ ఖర్చు మీదే. ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి, తోసుకుంటూ మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి. ప్లగ్గు తీసి నీరు వెళ్లగొట్టి, ఆయిల్ పాలలా మారి ఉంటే పూర్తిగా మార్చాలి. కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పులు ఉంటే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ తిరస్కరించడానికి అదొక సాకవుతుంది.

నేను ఫుట్‌పాత్ మీద పంక్చర్లు, చిన్న రిపేర్లు చేస్త. బీఎంసీ బండి వస్తె సామాను ఎత్తుకపోతరు. నాకేమన్న హక్కుందా?

ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం సరుకు అమ్మేవాళ్లతో పాటు వీధిలో సేవలు అందించేవాళ్లను కూడా లెక్కలోకి తీసుకుంది. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను తొలగించకూడదని 3వ సెక్షన్ చెబుతోంది. తొలగించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సామాను స్వాధీనం చేసుకుంటే జాబితా ఇవ్వాలి. మీరు అడిగాక పాడవని సామానును రెండు పనిదినాల్లో వదలాలి. జాబితా అడగడం మానకండి. కంప్రెసరు, స్పానర్ల సెట్టు పోతే మళ్లీ కొనడానికి నెలలు పడుతుంది. మీ వైపు నుంచి ఒక్క పని తప్పక చేయండి. వాడిన ఇంజన్ ఆయిల్ గటర్‌లో పోయకండి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనే అధీకృత రీసైక్లర్‌కు ఇవ్వండి. అది ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది, గటర్‌లో పోస్తూ పట్టుబడితే మీ వాదన అక్కడే బలహీనమవుతుంది.

చాల్‌ల తెలిసినాయనకే బండి అమ్మిన. పేరు మార్పిడి తర్వాత చేస్కుంటమనుకున్నం. ఏమైతది?

ఆయన ప్రమాదం చేస్తే నష్టపరిహారం మీ మీద పడవచ్చు. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరున్నవాడే ఓనరని తేల్చింది. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బు తీసుకునే రోజే పెట్టించండి. ఇన్సూరెన్స్ కూడా కొన్నాయన పేరుకు మారిందో లేదో చూసుకుని ఆ తర్వాతే రెండో తాళం ఇవ్వండి.