గోడౌన్ ఎక్కడ పెట్టాలో చెప్పగలిగితే ఉద్యోగమే

రాష్ట్రం విడిపోయిన 2014లో చాలా కంపెనీలు విజయవాడ చుట్టుపక్కల గోడౌన్లు వెతుక్కున్నాయి. హైదరాబాద్ నుంచి గుంటూరు డీలరుకు అమ్మితే అది పొరుగు రాష్ట్రానికి అమ్మినట్టయింది, రెండు శాతం కేంద్ర అమ్మకం పన్ను పడింది. ఆంధ్రలో సొంత డిపో పెట్టి, సరుకు అక్కడికి తరలించి అమ్మితే ఆ పన్ను ఉండేది కాదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రానికో డిపో ఉండాలన్న అవసరం పోయింది. ఇప్పుడు లారీ కిరాయి, గోడౌన్ అద్దె, డీలరుకు సరుకు ఎన్ని గంటల్లో అందుతుందన్నదే చూస్తారు. ఆ లెక్కలు వేసేవాళ్లను నెట్‌వర్క్ ప్లానింగ్ అనలిస్ట్, సప్లై చైన్ ప్లానర్ అనే పేర్లతో తీసుకుంటున్నారు. డిగ్రీ పిల్లలకు ఈ దారి ఒకటుందని చెప్పేవాళ్లే తక్కువ.

పని ఎక్సెల్‌తో మొదలవుతుంది. ఒక్కో ఊరి అక్షాంశ, రేఖాంశాలను అక్కడ అమ్ముడయ్యే సరుకుతో గుణించి, అన్నీ కూడి, మొత్తం సరుకుతో భాగించాలి. దీన్ని సెంటర్ ఆఫ్ గ్రావిటీ పద్ధతి అంటారు; మ్యాప్‌లో వచ్చే చుక్కే గోడౌన్‌కు తొలి అంచనా. హైదరాబాద్, విజయవాడ, కర్నూలు, తిరుపతిలలో అమ్మకం సమానమనుకుంటే అక్షాంశం 15.84, రేఖాంశం 79.15 వస్తాయి. మ్యాప్‌లో చూడండి, అది నల్లమల అంచున దోర్నాల దగ్గర! సరే, మిగతా మూడూ కలిపినంత అమ్మకం ఒక్క హైదరాబాద్‌లోనే ఉందనుకుందాం. చుక్క కృష్ణానది దాటి అమ్రాబాద్ అడవిలో పడుతుంది. రాత్రయితే వాహనాలను ఆపేసే పులుల అభయారణ్యం అది. అక్కడ గోడౌన్ ఎవరూ కట్టరు. ఆ చుక్కను జాతీయ రహదారి మీదకు ఎటు జరపాలి? లేదా ఒక్క గోడౌన్‌కు బదులు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన మేడ్చల్‌లో ఒకటి, విజయవాడ దగ్గర ఒకటి పెడితే అద్దె, నిల్వ పెరుగుతాయి, కిరాయి తగ్గుతుంది. ఏది లాభమో తేల్చే మనిషికే జీతం.

తర్వాత స్థలం చూడటానికి వెళ్లాలి. నలభై అడుగుల కంటైనర్ ఆ మలుపు తిరుగుతుందా? దారిలో రైల్వే అండర్‌బ్రిడ్జి ఎత్తెంత? భూమి వ్యవసాయేతరంగా మారిందా? హమాలీలు ఏ ఊరి నుంచి వస్తారు? వాననీరు ఎంతవరకు వస్తుందో బ్రోకర్‌ను కాదు, పక్క టీకొట్టువాళ్లను అడగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అద్దె చవకని అలాంటి పల్లంలో సరుకు పెడితే ఏళ్ల ఆదా ఒక్క రాత్రిలో పోతుంది.

చదువు విషయానికొస్తే బీకాం, బీబీఏ, ఇంజినీరింగ్ ఏదైనా పనికొస్తుంది. పైచదువుకు ఐఐఎం ముంబయి (నిన్నమొన్నటి నిటీ), వడోదరలోని గతిశక్తి విశ్వవిద్యాలయం ఉన్నాయి. నేరుగా ప్లానింగ్ సీటు దొరకలేదని దిగులుపడొద్దు. ముందు కొన్నాళ్లు డిస్పాచ్‌లో పనిచేయడమే మేలని నా గట్టి అభిప్రాయం. లారీ డాక్ దగ్గర ఎందుకు ఆగిపోతుందో కళ్లారా చూసినవాళ్లు వేసే లెక్క వేరుగా ఉంటుంది.

ఇంటర్వ్యూకు వెళ్లేముందు మీ జిల్లాలో ఒక సరుకు ఎంచుకోండి. సిమెంటో, బిస్కెట్లో, ఎరువులో ఏదైనా సరే. డీలర్లున్న ఊళ్లు రాసుకుని, లారీ ఆఫీసులో కిరాయిలు కనుక్కుని, రెండు చోట్లను పోలుస్తూ ఒక్క పేజీ తయారుచేయండి. సర్టిఫికెట్ల ఫైలులో ఆ పేజీని అన్నిటికంటే పైన పెట్టండి.