పేరు సరిగ్గా రాస్తేనే పుస్తకం దొరికేది

గార్లదిన్నె

మేనకోడలికి,

కాలేజీలో లైబ్రేరియన్‌గా చేరి నెల తిరక్కముందే నువ్వు పంపిన మెసేజి చూశాను. "ఏడాదికి పుస్తకాలకని ఇచ్చేది బైండింగుకే సరిపోయేట్టుంది. ఈ డబ్బుతో లైబ్రరీని ఏం బాగుచేసేది అత్తా?" అని అడిగావు. ఫోన్లో రెండు మాటలు చెప్పి ఊరుకునే సంగతి కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ఏ లైబ్రరీకైనా తన పుస్తకాలు తనకు చాలవు. అనంతపురం జిల్లాలో ఉన్నాం కాబట్టి మనకే ఈ కరువు అనుకోవద్దు. అంత డబ్బున్న హార్వర్డ్ విశ్వవిద్యాలయమే 2012లో జర్నళ్ల చందాలు ఇక మోయలేమని తన అధ్యాపకులకు చెప్పుకుంది. పెద్ద లైబ్రరీలు ఈ సంగతి ఎప్పుడో గ్రహించి ఒకదాంతో ఒకటి చేతులు కలిపాయి. కంప్యూటర్లు వచ్చి ఆ పనిని సులువు చేశాయి. ఈ వరసను నువ్వు తిరగెయ్యొద్దు. ఎవరితో కలిసి పనిచెయ్యాలో ముందు చూసుకుంటే, ఏ సాఫ్ట్‌వేర్ కావాలో దానంతట అదే తేలుతుంది. గదినిండా కొత్త కంప్యూటర్లు తెప్పించి, వాటి ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యని లైబ్రరీలు నేను చూశాను.

కలిసి పనిచెయ్యడమంటే ఏమిటో మన కరువు కథలోంచే చెప్తాను. పి.ఎల్. 480 గోధుమలంటే ఏమిటో మీ జేజిని అడుగు, చెప్తుంది. 1954లో అమెరికాలో చేసిన ఒక చట్టం సంఖ్య అది. ఆ చట్టం కింద వచ్చిన ధాన్యానికి మన ప్రభుత్వం డాలర్లు ఇవ్వకుండా రూపాయలే చెల్లించేది. ఆ రూపాయల్లో కొంత సొమ్ముతో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీలో ఆఫీసు తెరిచి, మన భాషల పుస్తకాలు కొనడం మొదలుపెట్టింది. తెలుగు పుస్తకాలూ అందులో ఉన్నాయి. ఒక్కో పుస్తకానికి పలు ప్రతులు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంచింది. ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయం తెలుగు తెలిసిన మనిషిని వెతుక్కుని క్యాటలాగు రాయించుకునే అవసరం లేకుండా, ఒకచోట రికార్డు తయారుచేసి అందరికీ ఇచ్చింది. ఇక్కడ గింజ లేని రోజుల్లో దిగిన గోధుమల డబ్బే విజయవాడలో అచ్చయిన పుస్తకాన్ని వాషింగ్టన్ చేర్చింది.

ఇది నీకెందుకంటే, ఆ రికార్డులు నీకూ అందుతాయి. మీ కాలేజీలో కోహా ఉందన్నావు. న్యూజిలాండ్‌లో చిన్న ఊళ్ల లైబ్రరీ ఒకటి 1999లో తనకోసం తయారు చేయించుకుని, లోకానికంతా ఉచితంగా వదిలిన సాఫ్ట్‌వేర్ అది. అందులో కొత్త పుస్తకం ఎక్కించేటప్పుడు జడ్39.50 అనే వెతుకులాట ఉంటుంది. పుస్తకం పేరు కొట్టి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌ను ఎంచుకో. పాత తెలుగు పుస్తకాలు చాలావాటికి రికార్డు తయారుగా దొరుకుతుంది. పేజీలు, ప్రచురణకర్త, సంవత్సరం అన్నీ అందులో ఉంటాయి. నువ్వు మళ్లీ కొట్టక్కర్లేదు. ఒక్క లోపముంది. ఆ రికార్డులు ఎక్కువగా రోమన్ అక్షరాల్లో, పైన గీతలతో, కింద చుక్కలతో ఉంటాయి. మన పిల్లలెవరూ పుస్తకాన్ని ఆ రూపంలో వెతకరు. తెలుగు లిపిలో పేరు చేర్చే పని నీది. రికార్డులో 880వ ఫీల్డు ఉన్నది అందుకే. చేర్చిన రికార్డును నీ దగ్గరే దాచుకోకుండా జిల్లాలోని మిగతా కాలేజీలకూ ఇవ్వు.

పేరు దగ్గర ఇంకొంచెం ఆగుతాను, ఎందుకంటే మన పనికి ప్రాణం అక్కడే ఉంది. రచయిత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మన జిల్లావారు. మనకు ఇంటిపేరు ముందొస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లు చివరి మాటనే ఇంటిపేరనుకుంటాయి. అట్లా వదిలేస్తే ఆయన "శర్మ" కింద, దేశంలోని శర్మలందరి మధ్యకు పోతారు. రాళ్లపల్లి అని వెతికినవాడికి దొరకరు.

ఇంకా చిక్కైన పేరు మా పక్క మండలంలోనే ఉంది. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం గారి అసలు పేరు మీసరగండం విశ్వరూపాచారి. విద్వాన్ అనేది ఆయన పాసైన పరీక్ష. ఆయన రాసిన "పెన్నేటి పాట" కావాలని వచ్చిన విద్యార్థి విశ్వం అని అడగవచ్చు, విద్వాన్ విశ్వం అని కొట్టవచ్చు. పరిశోధకుడైతే మీసరగండం అని వెతకవచ్చు. ఇంగ్లీషులో కొట్టేవాళ్లు విశ్వంలో "వి" పక్కన ఒకరు ఎస్, ఒకరు ఎస్‌హెచ్, వాటి తర్వాత ఒకరు వి, ఒకరు డబ్ల్యు వేస్తారు. ఎవరు ఎట్లా అడిగినా ఒక్కచోటికే చేర్చాలి. పాత కార్డుల రోజుల్లో దీనికి "చూడుము" కార్డు వేసేవాళ్లం. ఇప్పుడు దాన్ని అథారిటీ రికార్డు అంటారు. ఒక పేరును ముఖ్యమని నిర్ణయించి 100వ ఫీల్డులో వేసి, మిగతా రూపాలన్నీ 400ల్లో పెట్టు. మన జిల్లా రచయితలకు ఈ పని ఒక్కసారి శ్రద్ధగా చేస్తే చాలు. వికీడేటాలో కూడా ఆ పేర్లు చేర్చు. అది ఎవరైనా రాయగలిగేది, ప్రపంచంలో ఎక్కడి లైబ్రరీ అయినా తీసుకోగలిగేది. పెన్న ఒడ్డు మనుషుల పేర్లు సరిగ్గా రాయగలిగేది మనమే, వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్లు కాదు.

పేరు తప్పితే ఏమవుతుందో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చూపించింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారి మిలియన్ బుక్స్ తలపు నుంచి వచ్చిన గొప్ప పని అది. వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. ఎన్నో చెదలపాలు కాకుండా మిగిలాయి. ఆ పనిమీద నాకు ఎంతో గౌరవం. కానీ పేర్లు కొట్టించడంలో శ్రద్ధ చాలలేదు. తెలుగు పేరును ఎవరికి తోచిన రోమన్ స్పెల్లింగులో వాళ్లు కొట్టారు. ఒక పుస్తకం పేరు కింద ఇంకో పుస్తకం చేరింది. పుస్తకం ఉండి కూడా లేనట్టే అయింది. తెలుగు వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుని, ఒక్కో పుస్తకం తెరిచి, లోపలి పేజీ చూసి తెలుగులో జాబితాలు తయారుచేశారు. తర్వాత ఆ సైటే మూతబడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి కాపీ అయినవి ఇప్పటికీ చదువుకుంటున్నాం. రెండు సంగతులు గుర్తుపెట్టుకో. స్కాన్ చేసిన రోజే పేరు తెలుగులో రాయాలి. ఏ ఫైలూ ఒక్కచోటే ఉండకూడదు.

తెలుగులో అంటే యూనికోడ్‌లో. మీ లైబ్రరీలో పాత జాబితా ఏదైనా "అను" అనే పాత ఫాంట్లలో డీటీపీ చేయించి ఉంటే, దాన్ని ముందు మార్పించు. కాగితం మీద అది చక్కగానే కనిపిస్తుంది. ఇంకో కంప్యూటరుకు పంపితే గజిబిజి అక్షరాలు, వెతికితే ఏమీ దొరకదు.

ఇక చందాల సంగతి. లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం వాళ్ల ఎన్-లిస్ట్ పథకం 2010 నుంచి కాలేజీలకు ఆధారం. ఏడాదికి ఆరు వేల రూపాయల లోపు చందాకు 6,000కు పైగా జర్నళ్లు, 1,99,500కు పైగా ఈ-పుస్తకాలు అందించింది. దేశమంతటి కాలేజీలు ఒక్కటిగా బేరమాడబట్టే అంత తక్కువకు వచ్చాయి. దానికంటే పెద్ద అడుగు, దేశమంతటికీ ఒకే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300 ప్రభుత్వ సంస్థలు. మీది ప్రభుత్వ కాలేజీ. ఐఐటీ విద్యార్థి చదివే జర్నలే మీ బీఎస్సీ పిల్లకూ హక్కుగా రావాలి. మీ కాలేజీ నమోదు పూర్తయిందో లేదో ఈ వారమే ప్రిన్సిపాల్ గారిని అడిగి తేల్చుకో.

నమోదయితే పని ముగిసిందనుకునేవు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. చాలా కాలేజీల్లో చందా కడతారు, వాడేవాళ్లు ఉండరు. కారణం చాలా చిన్నది. ఒక్కో విద్యార్థి పేరుమీద లాగిన్ తయారుచెయ్యాలి. పాస్‌వర్డు ఈమెయిల్‌కు వెళ్తుంది. ఆ ఈమెయిల్ ఇంటర్ అడ్మిషన్ అప్పుడు నెట్ సెంటర్ అబ్బాయి తయారుచేసి ఇచ్చింది. పిల్లకు దాని పాస్‌వర్డు తెలియదు, ఎప్పుడూ తెరిచి చూడలేదు. కాబట్టి మొదటి సంవత్సరం పిల్లల్ని పదిమంది చొప్పున లైబ్రరీకి రమ్మను. వాళ్ల ఫోన్లలోనే ఈమెయిల్ తెరిపించి, లాగిన్ చేయించి, వేరుశెనగ మీదో, ఫ్లోరైడ్ నీళ్ల మీదో ఒక వ్యాసం వాళ్ల చేతనే దించుకునేట్టు చెయ్యి. తమ ఊరి సంగతి పెద్ద జర్నల్లో కనపడితే వాళ్ల ముఖం మారిపోతుంది. మెట్టసేద్యం మీద అడిగేవాళ్లకు పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్ల ఆన్‌లైన్ భాండాగారం కూడా చూపించు. దానికి చందా అక్కర్లేదు. మన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో వచ్చిన పీహెచ్‌డీ గ్రంథాలు శోధ్‌గంగ సైటులో చూడొచ్చు.

అధ్యాపకులతో కలవడం అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ఫలితమిచ్చేదీ అదే. సెమిస్టరు మొదలయ్యే ముందే ఒక్కో డిపార్ట్‌మెంటుకు నువ్వే నడిచిపో. "ఈసారి ఏ యూనిట్‌కు పుస్తకం దొరకడం లేదు సార్?" అని అడుగు. స్టాఫ్ రూములో కూర్చుని అడిగితే చెప్తారు, సర్క్యులర్ పంపితే సంతకం పెట్టి పక్కన పెడతారు.

వాళ్లతో కలిసి చెయ్యదగ్గ ఒక పని నా మనసులో ఉంది. డిగ్రీ పిల్లలు ఇప్పుడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పక చెయ్యాలి కదా. ఊళ్లకు పోయి ఇంటింటికీ తిరిగి బోర్లు ఎండిన సంగతి, వలసలు, చీనీతోటలు, బడి మానేసిన పిల్లలు, అన్నీ రాసుకొస్తారు. స్పైరల్ బైండింగు చేయించి ఇస్తారు. మార్కులు పడ్డాక ఆ రిపోర్టు ఏ బీరువా పైనో దుమ్ము పట్టి, చివరికి పాతకాగితాలకు పోతుంది. మా మండలంలోనే పెనకచర్ల డ్యాం కింద తడి భూమి, ఇవతల మెట్ట. ఈ రెండిటి మధ్య బతుకు ఎట్లా మారుతుందో ఏటేటా పిల్లలు రాసిన కాగితాలు వరసగా ఉంటే, ఏ పరిశోధకుడికైనా అంతకంటే ఏం కావాలి? మంచివి ఎంపిక చేసిపెట్టమని అధ్యాపకులను అడుగు. డీస్పేస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఊరిపేరు, మండలం, సంవత్సరం, విషయం తెలుగులో వేసి ఎక్కించు. సర్వర్ పెట్టడం కంప్యూటర్ సైన్స్ పిల్లలకు ప్రాజెక్టుగా ఇప్పించవచ్చు. ఒక్క జాగ్రత్త. రిపోర్టుల్లో ఇంటివాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, అప్పుల వివరాలు ఉంటాయి. అవి తీసెయ్యకుండా ఒక్క పేజీ కూడా బయట పెట్టొద్దు. నమ్మి చెప్పినవాళ్ల మాట అది.

చూపు లేని విద్యార్థి ఒక్కరున్నా వాళ్లకోసం ఏర్పాటు చెయ్యి. ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరమీది తెలుగును చదివి వినిపిస్తుంది. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించాక, చదవలేనివాళ్లకోసం పుస్తకాన్ని వేరే రూపంలోకి మార్చడానికి రచయిత అనుమతి అవసరం లేదు. అట్లాంటి వాళ్లకోసమే వచ్చిన మర్రకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది మనమే. పాఠ్యపుస్తకం స్కాన్ చేసి, ఆ బొమ్మను ఓసీఆర్‌తో అక్షరాలుగా మారిస్తే వత్తులు పోతాయి, "ద", "ధ"లు తారుమారవుతాయి. ఎన్ఎస్ఎస్ పిల్లలకు తలా పది పేజీలు ఇచ్చి దిద్దించు. దిద్దినదాన్ని చూపు లేనివాళ్ల ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయకు ఇస్తే, శ్రీకాకుళంలో ఉన్న విద్యార్థి కూడా వింటాడు.

చాట్‌జీపీటీ గురించి అడిగావు. అది ఇచ్చే జాబితాల్లో ఒక్కోసారి ఎన్నడూ ఎవరూ రాయని వ్యాసాలు, నిజమైన రచయితల పేర్లతోనే వస్తాయి. ఒక విద్యార్థి అట్లాంటి జాబితా తెచ్చి వ్యాసం తెప్పించమంటే కోప్పడకు. పక్కన కూర్చోబెట్టుకుని, వ్యాసాన్ని గుర్తించే డీఓఐ నంబరు ఎక్కడ సరిచూడాలో, జర్నల్ ఆ సంచికలో నిజంగా ఏముందో వాడితోనే వెతికించు. ఒక్కసారి చేతులారా తేల్చుకుంటే వాడు తర్వాత జాగ్రత్తపడతాడు. ఇట్లా దగ్గర కూర్చుని చూపించడం ఏ యంత్రం చెయ్యలేదు, పాపా.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టినప్పుడు అయ్యంకి వెంకటరమణయ్య గారి దగ్గర ఈ కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్లు ఏవీ లేవు. ఊరూరా ఉన్న చిన్న లైబ్రరీలను ఒక్క తాటిమీదికి తేవాలన్న పట్టుదల ఉంది. నువ్వూ అట్లాగే మన జిల్లా కాలేజీల లైబ్రేరియన్లు ఎంతమంది ఉన్నారో లెక్కచూసుకుని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టు. పండగ శుభాకాంక్షలకు కాదని మొదటే చెప్పెయ్యి. "ఈ పుస్తకం మీ దగ్గరుందా" అన్న ప్రశ్నకే అది. ఉన్న పుస్తకాన్ని రెండు వారాలకు పంపించుకోవడానికి ప్రిన్సిపాళ్ల అనుమతి లేఖలు ముందే తీసిపెట్టుకోండి. లేకపోతే మొదటి పుస్తకం పోయిన రోజే అంతా ఆగిపోతుంది.

అన్నీ ఒకేసారి ఎత్తుకోవద్దు. ఈ సెమిస్టరుకు లాగిన్లు, మీ తెలుగు పుస్తకాల బీరువా, ఈ రెండే చూడు. తెలుగు బీరువాలో రాళ్లపల్లి వారివి, విశ్వం గారివి, మన జిల్లావారే అయిన తరిమెల నాగిరెడ్డి గారివి ఏమేం ఉన్నాయో, యాక్సెషన్ రిజిస్టరులో ఏ పేరుతో ఎక్కాయో చూసి రాయి. కోహాలో నువ్వు చేసిన మొదటి ఇరవై రికార్డులు ఎక్స్‌పోర్టు చేసి నాకు పంపు. కూర్చుని దిద్ది పంపిస్తాను.

ఇట్లు,
మీ అత్త