కోఠీ రెసిడెన్సీ

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కోఠీ రెసిడెన్సీని ఎవరు, ఎందుకు కట్టించారో చెప్పగలుగుతారు.
• అందులోని ఇటలీ శైలిని గుర్తించగలుగుతారు.
• ఆ భవనం ఉపయోగం ఎలా మారిందో వివరించగలుగుతారు.

మూలపాఠం

మీరు రాయపూర్‌లో ఉన్నా, మరెక్కడ ఉన్నా ఎత్తైన స్తంభాలున్న పాత బంగళానో, కచేరీనో చూసే ఉంటారు. దాన్ని ఎవరు కట్టించారు, ఎందుకు కట్టించారు అని ఎప్పుడైనా ఆలోచించారా? హైదరాబాదులోని ఒక భవనం గురించి ఆ సంగతులు తెలుసుకుందాం.

నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిని రెసిడెంటు అనేవారు. 1798లో రెసిడెంటు అయిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ మూసీ నది ఒడ్డున ఈ భవనం తలపెట్టాడు. మొదట పెద్ద కాగితం మీద పటం చూపితే, అది తన రాజ్యపటమంత ఉందని నిజాం ఒప్పుకోలేదట. అదే పటాన్ని చిన్న అట్టముక్క మీద గీసి చూపితే వెంటనే ఒప్పుకున్నాడని చెబుతారు.

నమూనా తయారుచేసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. అతడు అనుసరించిన శైలి 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియోది. ప్రాచీన రోము దేవాలయాల ముఖమండపాన్ని పల్లాడియో నివాస గృహాలకు అమర్చాడు. 1570లో వెలువడిన అతని గ్రంథం ద్వారా ఆ పద్ధతి ఇంగ్లండుకు, అక్కడినుంచి మన దేశానికి వచ్చింది. రెసిడెన్సీ ముందు సుమారు 40 అడుగుల ఎత్తున్న ఆరు స్తంభాలు, వెడల్పైన మెట్లు, వాటికి ఇరుపక్కల సింహాలు ఉన్నాయి. వచ్చినవాడు తలెత్తి చూడాలి, కంపెనీ బలం తెలియాలి. ఆ కట్టడం ఉద్దేశం అదే.

ఆ బలాన్ని ప్రజలు ఎదిరించారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ల నాయకత్వంలో రెసిడెన్సీపై దాడి జరిగింది.

1949లో ఇక్కడికి మహిళా కళాశాల వచ్చింది. 2022లో అది విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆమె పాలకుర్తిలో తన భూమికోసం దేశముఖ్‌ను ఎదిరించిన స్త్రీ. పటం గీసిన రస్సెల్ పేరు మనకు తెలుసు. ఇటుకలు మోసినవారి, సున్నం నూరినవారి పేర్లు తెలియవు. అటువంటి శ్రామిక కుటుంబాల ఆడపిల్లలు నేడు ఆ మెట్లెక్కి చదువుకోవచ్చు.

పాఠంలోని ప్రశ్నలు

1. రెసిడెన్సీకి నమూనా తయారుచేసినది ____.
2. మహిళా కళాశాల ఇక్కడికి వచ్చిన సంవత్సరం ____.
3. మీ ఊరిలోని ఒక పాత భవనం అప్పుడు ఎవరిది, ఇప్పుడు ఎవరికి ఉపయోగపడుతోంది? పెద్దలను అడిగి ఐదు వాక్యాలు రాయండి.

జవాబులు: 1. శామ్యూల్ రస్సెల్ 2. 1949