కెనడాలో .22 పిస్తోలు: చట్టం ఒప్పుకునేది, ఒప్పుకోనిది

గురిచూసి కాల్చడం క్రీడగానో కాలక్షేపంగానో నేర్చుకోదలచినవారి చేతికి శిక్షకులు తరచుగా మొదట అందించేది .22 కాలిబర్ పిస్తోలే. కాలిబర్ అంటే తుపాకీ గొట్టం లోపలి వ్యాసం; .22 అన్నప్పుడు అది దాదాపు 5.6 మిల్లీమీటర్లు. తూటా బరువు రెండున్నర గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉండడం వల్ల పేల్చినప్పుడు చేతికి తగిలే వెనుదన్ను స్వల్పంగా ఉంటుంది, చప్పుడు తక్కువ, ఖర్చూ తక్కువ; అందువల్ల కొత్తవారు బెదిరి కళ్లు మూసుకోకుండా మణికట్టు నిలకడను, ఊపిరిని, ట్రిగ్గరు మీద వేలి ఒత్తిడిని సరిచూసుకుంటూ నేర్చుకోగలుగుతారు. రూగర్ మార్క్ 4, బ్రౌనింగ్ బక్ మార్క్ వంటి పిస్తోళ్లను వాడినవారు చెప్పే మంచి చాలావరకు ఇదే. అయితే ఈ సౌమ్యతను చూసి కెనడా చట్టం పిస్తోలుకు ఏ సడలింపూ ఇవ్వదు.

అమెరికా రాజ్యాంగంలోని రెండో సవరణ వంటిది కెనడాలో లేదు. కెనడియన్లకు ఆయుధం ధరించే రాజ్యాంగ హక్కు లేదని అక్కడి సుప్రీంకోర్టు 1993లో హాసెల్‌వాండర్ కేసులో స్పష్టం చేసింది. 1995 నాటి ఫైరార్మ్స్ యాక్టును చేసే అధికారం పార్లమెంటుకు ఉందని 2000లో తేల్చింది. కాబట్టి తుపాకీ యజమానికి ఉన్నవి చట్టం ఇచ్చిన అనుమతులు, ఆ అనుమతులను ఇవ్వడంలోనూ లాగుకోవడంలోనూ ప్రభుత్వం పాటించి తీరవలసిన పద్ధతులు మాత్రమే. ఈ రెండో భాగమే పౌరుడికి అసలైన రక్షణ అయినా, దాని గురించి తెలిసినవారు తక్కువ.

చట్టం తుపాకులను మూడు తరగతులుగా విభజించింది: పరిమితి లేనివి, పరిమితికి లోబడినవి, నిషిద్ధమైనవి. పిస్తోళ్లు సాధారణంగా రెండో తరగతికి చెందుతాయి. వాటి రిజిస్ట్రేషన్ 1934 నుంచే తప్పనిసరి. గొట్టం పొడవు 105 మిల్లీమీటర్లు గానీ అంతకంటే తక్కువ గానీ అయితే, లేదా పిస్తోలు .25, .32 కాలిబర్లకు చెందినదైతే, కొన్ని అంతర్జాతీయ క్రీడా పిస్తోళ్లను మినహాయించి, అది నిషిద్ధ తరగతిలోకి పోతుంది. అంటే ఒకే .22 నమూనాలో పొడుగు గొట్టం ఉన్నది పరిమిత ఆయుధం, పొట్టి గొట్టం ఉన్నది నిషిద్ధ ఆయుధం కావచ్చు. జేబులో ఇమిడేంత చిన్నదైతే ప్రమాదమూ చిన్నదేనన్న సామాన్యుడి అంచనాకు చట్టం సరిగ్గా ఎదురుదిశలో నడుస్తుంది.

2022 అక్టోబరు 21 నుంచి వ్యక్తులు పిస్తోళ్లను కొనడం, అమ్మడం, ఒకరి నుంచి మరొకరికి బదిలీ చేయడం దేశమంతటా ఆగిపోయింది. 2023 డిసెంబరు 15న రాజామోదం పొందిన సి-21 బిల్లు ఈ స్తంభనను చట్టంలోనే చేర్చింది. ఒలింపిక్, పారాలింపిక్ పిస్తోలు విభాగాలలో శిక్షణ పొందేవారికి, పోటీపడేవారికి, శిక్షకులకు, తమ క్రీడా పాలకసంస్థ లేఖ ఉంటే, మినహాయింపు ఉంది. వృత్తిరీత్యా ఆయుధం వెంట ఉంచుకునే ప్రత్యేక అనుమతి గలవారికీ ఉంది. వారాంతపు వినోదం కోసం కాల్చేవారికి లేదు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం సాధించిన 25 మీటర్ల పిస్తోలు విభాగం .22తో ఆడేదే. అలాంటి విభాగంలో పాలకసంస్థ లేఖ పొందే స్థాయికి ఎదిగినవారికి తలుపు తెరిచిన చట్టం, ఆ స్థాయికి చేరడానికి ముందు సొంత పిస్తోలుతో సాధన చేయవలసిన కొత్తవారిని బయటే నిలబెట్టడం ఈ ఏర్పాటులోని పెద్ద లోపం.

అయినా కొత్తవారికి దారులు పూర్తిగా మూసుకుపోలేదు. లైసెన్సు గల వ్యక్తి ప్రత్యక్ష పర్యవేక్షణలో, అతడు చట్టబద్ధంగా వాడగలిగిన విధంగానే, లైసెన్సు లేనివారు కూడా ఆయుధాన్ని వాడవచ్చునని క్రిమినల్ కోడ్ 91వ సెక్షన్ అనుమతిస్తుంది. అందుకే అనుమతి పొందిన రేంజిలో, పక్కన బాధ్యుడు నిలబడి ఉండగా, .22 పిస్తోలు కాల్చి చూడడం నేరం కాదు. ఆ బాధ్యుడు మరో గదిలోకి వెళ్లిపోతే ఈ రక్షణ పోతుంది. గాలి పిస్తోలు మరో దారి: గుండు వేగం సెకనుకు 152.4 మీటర్లను, శక్తి 5.7 జౌళ్లను, ఈ రెండింటినీ దాటేలా తయారైనది కాకపోతే దానికి లైసెన్సు అక్కరలేదు. పరిమితి లేని తరగతిలోని .22 రైఫిలు మూడో దారి. భద్రతా కోర్సులో ఉత్తీర్ణత, ఇద్దరి హామీ, తొలి దరఖాస్తుకు కనీసం 28 రోజుల నిరీక్షణ తర్వాత లభించే అయిదేళ్ల లైసెన్సుతో దాన్ని కొనవచ్చు. ఇటీవలి నిషేధాల్లో కొన్ని .22 రైఫిళ్లు కూడా చేరాయి కనుక కొనబోయే నమూనా తరగతిని ముందే నిర్ధారించుకోవాలి.

స్తంభనకు ముందే పిస్తోలును తమ పేర రిజిస్టరు చేసుకున్నవారు దాన్ని ఉంచుకోవచ్చు, వాడుకోవచ్చు. కానీ ఆత్మరక్షణ కోసం ఉంచుకున్నానని చెప్పడం వారికి మేలు చేయకపోగా కీడే చేస్తుంది. భారతదేశంలో ప్రాణభయాన్ని చూపి ఆయుధ లైసెన్సు కోరడం మామూలే కనుక, అక్కడి నుంచి వచ్చినవారిలో ఈ అపోహ బలంగా ఉండవచ్చు. కెనడాలో వ్యక్తులకు పరిమిత ఆయుధం దొరికేది ప్రధానంగా గురిసాధనకు, పోటీకి, సేకరణకు; ప్రాణరక్షణ పేరిట అనుమతి అత్యంత అరుదు. ఇంట్లో పిస్తోలును తూటాలు తీసేసి, ట్రిగ్గరుకు తాళం వేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో ఉంచాలి, లేదా ఆయుధాల కోసమే చేసిన ఇనుప భద్రపేటికలో పెట్టాలి. రేంజికి తీసుకుపోయేటప్పుడు అది ఖాళీగా, తాళంతో, లోపలిది కనిపించని పెట్టెలో, రవాణా అనుమతి పరిధిలో, సహేతుకంగా నేరుగా వెళ్లే దారిలోనే సాగాలి. భద్రపరచడంలో అజాగ్రత్త తొలిసారి రుజువైతే రెండేళ్ల వరకు, అనుమతి లేకుండా తూటాలు నింపిన పిస్తోలు దొరికితే పద్నాలుగేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. లైసెన్సు గడువు దాటితే చట్టం ఇచ్చే ఆరు నెలల వెసులుబాటులో ఆయుధాన్ని వాడరాదు. ఆ గడువూ దాటితే పిస్తోలు శాశ్వతంగా చేజారే ప్రమాదం ఉంది కనుక రెన్యువల్‌ను వాయిదా వేయడం ఎంతమాత్రం తగదు.

ఇక ప్రభుత్వం పాటించవలసిన పద్ధతుల విషయానికి వస్తే, తనిఖీ అధికారి నివాసగృహంలోకి తనంత తానుగా ప్రవేశించలేడు. ఫైరార్మ్స్ యాక్టు 104వ సెక్షన్ ప్రకారం, ఇంట్లో వ్యాపారం సాగుతుంటే తప్ప, సహేతుకమైన ముందస్తు నోటీసు ఉండాలి. ఆపైన ఇంట్లో ఉంటున్నవారి సమ్మతి గానీ న్యాయస్థానపు వారంటు గానీ ఉండాలి. లైసెన్సును గానీ రిజిస్ట్రేషన్‌ను గానీ నిరాకరించినా రద్దు చేసినా నోటీసులో కారణాలు తెలపాలి. ఎవరి భద్రతకైనా ముప్పు తెచ్చే సమాచారాన్ని మాత్రం దాచవచ్చు. నోటీసు అందిన 30 రోజుల్లోగా 74వ సెక్షన్ కింద ప్రావిన్షియల్ కోర్టు న్యాయమూర్తి ముందు విచారణ కోరవచ్చు. అక్కడ నిర్ణయం సమంజసం కాదని చూపే భారం పౌరుడిదే కనుక, రేంజి సభ్యత్వ పత్రాలు, శిక్షణ ధ్రువపత్రాలు, అవసరమైతే వైద్యుడి లేఖ సిద్ధం చేసుకుని, ముప్పై రోజులు జారిపోకముందే న్యాయవాదిని కలవాలి. నోటీసును సొరుగులో పడేసి ఊరుకోవడం వల్ల పోయే హక్కును తర్వాత ఎంత వాదించినా తిరిగి రాబట్టుకోవడం కష్టం.

కుటుంబ సభ్యులకూ హక్కులున్నాయి. దరఖాస్తులో ప్రస్తుత జీవిత భాగస్వామి వివరాలను, గత రెండేళ్లలో విడిపోయినవారి వివరాలను అడుగుతారు. వారి సంతకం లేకపోతే అధికారులే వారికి తెలియజేస్తారు. ఇంట్లో ఆయుధం వల్ల ప్రమాదముందని సహేతుకంగా నమ్మే ఎవరైనా, ఎదుటి పక్షానికి నోటీసు లేకుండానే, అత్యవసర నిషేధాజ్ఞ కోరుతూ ప్రావిన్షియల్ కోర్టును ఆశ్రయించవచ్చు. ఆ ఆజ్ఞ 30 రోజుల వరకు అమలులో ఉంటుంది, అర్జీదారు గుర్తింపు బయటపడకుండా చూసే అధికారం న్యాయమూర్తికి ఉంది. పరువు పోతుందన్న భయంతో బెదిరింపులను మౌనంగా భరించే స్త్రీలకు ఈ ఏర్పాటు తెలియడం అన్నిటికంటే ముఖ్యం.

యజమాని మరణించినప్పుడు వీలునామా అమలు చేసేవారు ఆస్తి పంపకం పూర్తయ్యేదాకా, కోర్టు నిషేధం లేనంతవరకు, పిస్తోలును సహేతుకమైన కాలం తమ ఆధీనంలో ఉంచుకోవచ్చు. అయితే మినహాయింపు లేని కొడుకుకో కూతురికో దాన్ని ఇవ్వలేరు. లైసెన్సు గల వ్యాపారికి లేదా మ్యూజియానికి అప్పగించడం, మినహాయింపు ఉన్నవారికి బదిలీ చేయడం, గుర్తింపు పొందిన వ్యాపారితో శాశ్వతంగా పనిచేయకుండా చేయించడం, పోలీసులకు స్వాధీనం చేయడం ప్రధానంగా మిగిలిన మార్గాలు. స్వాధీనం చేయదలచినవారు పిస్తోలును తామే స్టేషనుకు మోసుకుపోకూడదు; ముందుగా ఫోను చేసి, పోలీసులు చెప్పిన ఏర్పాటు ప్రకారం నడుచుకోవాలి.